మిద్దెమీది యంత్రంలో పీడనం ఎంత?

మాదాపూర్‌లోని అద్దాల భవనాలను క్రిందినుంచి చూచేవారికి వాటి మిద్దెలు కనిపించవు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ ప్రాంతంలోను, గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ పరిసరాలలోను ఎన్నో కార్యాలయాలు లేచినవి. ప్రతి భవనానికి మిద్దెమీదనో, వెనుకగోడ ప్రక్కనో ఏ.సి. యంత్రాల బయటి భాగాలు వరుసగా అమర్చి ఉంటాయి. లోపల కంప్యూటర్ల ముందు కూర్చున్నవారికి 24 డిగ్రీల చల్లదనం కావాలంటే, గదులలోని వేడిని మోసుకొని వచ్చి బయట పారబోయవలసిన భారం ఈ యంత్రాలదే. అదీ మే నెల మధ్యాహ్నం, బయటి గాలి 42, 43 డిగ్రీలున్నప్పుడు!

మా కళాశాలకు సాయంకాలపు తరగతులకు వచ్చే విద్యార్థి ఒకడు పగలు ఆ ప్రాంతంలోనే ఏ.సి. మెకానిక్కుగా పనిచేస్తాడు. ఒక వేసవిలో అతడు తరగతి అయిన తర్వాత నిలబడిపోయి, “సార్, ఒక ఆఫీసుల మెషిన్ రోజూ రెండు గంటలకు ఆగిపోతున్నది. గేజి ఆరువందలు దాటంగనే కట్ అవుతున్నది. గ్యాస్ ఎక్కువైందని రెండువందల గ్రాములు తీసేసిన. అయినా తెల్లారి మళ్ళ అంతే” అన్నాడు.

“ఆ ఎండలో గేజి ఎంత చూపాలో నీకు తెలుసునా?” అని అడిగాను.

“ఐదువందలు ఉంటదని మా మేస్త్రి చెప్పిండు. ఎందుకో ఆయనకు తెల్వదు.”

మేస్త్రి చెప్పిన సంఖ్య సరియైనదే. అది ఎందుకు సరియైనదో, పట్టికలేవీ లేకుండా, కాగితం మీద నాలుగు పంక్తులలో లెక్కకట్టి తెలిసికోవచ్చును. ఆ లెక్క ఎట్లు వచ్చినదో ఈ వ్యాసంలో చూద్దాం.

మన వంటింటిలోని గ్యాసుబండనే తీసికొనండి. బండ నిండుగా ఉన్నప్పుడు దానిలో ద్రవం ఎక్కువ. నెల గడచిన తర్వాత ద్రవం అడుగున కొద్దిగా మిగులుతుంది. కాని పొయ్యి మంట చివరిదాకా ఇంచుమించు ఒకే తీరుగా వస్తుంది గదా! ద్రవం పైనున్న ఖాళీ జాగాలో ఆ ద్రవపు ఆవిరి నిండి ఉంటుంది. ద్రవంనుంచి పైకి ఎగిరే అణువులు, తిరిగి ద్రవంలో పడే అణువులు సమానమైనప్పుడు ఆవిరి ‘సంతృప్తమైనది’ అంటాము. అప్పుడు ఆవిరి కలిగించే ఒత్తిడే సంతృప్త బాష్పపీడనం. ద్రవం కొండంత ఉన్నా, గ్లాసెడు ఉన్నా, ఆవిరితో కలిసి ఉన్నంతవరకు ఈ పీడనానికి తేడా ఉండదు. దానిని నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే.

ఏ.సి. యంత్రంలోను జరిగేది ఇదే. లోపలి గదిలోని గొట్టాలలో ద్రవం తక్కువ పీడనంలో, సుమారు 5 డిగ్రీల వద్ద ఆవిరియై గదిలోని వేడిని పీల్చుకొంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ఎక్కువ పీడనానికి తెస్తుంది. బయటి భాగంలోని కండెన్సర్ గొట్టాలలో ఆ ఆవిరి తిరిగి ద్రవమై, పీల్చుకొన్న వేడిని గాలికి విడుస్తుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రతనుంచి తక్కువ ఉష్ణోగ్రతకే ప్రవహిస్తుంది కనుక, బయట 43 డిగ్రీలుంటే గొట్టాలలోని ద్రవం అంతకంటె ఓ పన్నెండు డిగ్రీలు ఎక్కువగా, అంటే 55 డిగ్రీల వద్ద ఉండక తప్పదు. ద్రవము, ఆవిరి కలిసి ఉండే చోటు అదే కాబట్టి, అక్కడి పీడనం 55 డిగ్రీల సంతృప్త బాష్పపీడనమే. యంత్రంలో గ్యాసు విపరీతంగా ఎక్కువైనప్పుడు ద్రవం కండెన్సర్‌లో నిండి, వేడి విడిచే జాగా తగ్గి, పీడనం పెరిగే మాట నిజమే. కాని సరిపడా ఉన్న గ్యాసును తీసివేసినంతమాత్రాన ఎండ తగ్గదు, పీడనమూ తగ్గదు. తగ్గేది గదిలోని చల్లదనం. ఆ తీసివేసిన గ్యాసు గాలిలో కలిసి భూమిని వేడెక్కించే వాయువుల జాబితాలో చేరుతుంది.

సరే, 55 డిగ్రీల వద్ద ఆ పీడనం ఎంత? ఇది ద్రవాన్నిబట్టి మారుతుంది. నీటికైతే వాతావరణ పీడనంలో ఆరోవంతు కూడ ఉండదు. ఏ.సి.లో వాడే ఆర్-32 అనే వాయువుకు దాదాపు 35 రెట్లు ఉంటుంది. ఇంత తేడా ఉన్నప్పుడు అన్నిటికీ ఒకే లెక్క ఎట్లు కుదురుతుంది?

ఇద్దరు విద్యార్థులలో ఒకనికి 50 మార్కుల పరీక్షలో 30, మరొకనికి 100 మార్కుల పరీక్షలో 60 వచ్చినవనుకొనండి. మార్కులు చూస్తే రెండవవాడు గొప్పవాడు. నూటికి ఎంత అని చూస్తే ఇద్దరూ సమానులే. ద్రవాలను కూడ ఇట్లే వాటి వాటి ‘గరిష్ఠ మార్కుల’తో భాగించి పోల్చవచ్చును. ఆ గరిష్ఠం ఏది?

1869లో ఐర్లండు శాస్త్రజ్ఞుడు థామస్ ఆండ్రూస్ బొగ్గుపులుసు వాయువుపై చేసిన ప్రయోగాలలో, దాదాపు 31 డిగ్రీలు దాటిన తర్వాత దానిని ఎంత నొక్కినా ద్రవం కాదని స్పష్టపరచినాడు. ఆ హద్దు దగ్గరకు వచ్చేసరికి ద్రవానికి, ఆవిరికి మధ్యనున్న గీత చెరిగిపోతుంది. ఈ హద్దును సందిగ్ధ ఉష్ణోగ్రత అని, అక్కడి పీడనాన్ని సందిగ్ధ పీడనమని అంటారు. ప్రతి ద్రవానికి దాని సొంత హద్దు ఉన్నది. నీటికి 374 డిగ్రీలు, సుమారు 221 బార్లు. ఆర్-32కు 78 డిగ్రీలు, 57.8 బార్లు. (బారు అంటే సుమారుగా సముద్రమట్టంలోని గాలి ఒత్తిడి.)

హాలెండు దేశీయుడు వాన్ డర్ వాల్స్ 1873లో ద్రవానికి, వాయువుకు కలిపి ఒకే సమీకరణం వ్రాసినాడు. 1880లో దానినుంచి ఒక విచిత్రమైన ఫలితం తీసినాడు. పదార్థపు పరమ ఉష్ణోగ్రతను దాని సందిగ్ధ ఉష్ణోగ్రతతోను, పీడనాన్ని సందిగ్ధ పీడనంతోను భాగిస్తే, ఆ పదార్థాన్ని గుర్తించే స్థిరాంకాలన్నీ సమీకరణంనుంచి మాయమవుతాయి! అట్లు భాగించగా వచ్చిన సంఖ్యలను లఘూకృత ఉష్ణోగ్రత, లఘూకృత పీడనం అనవచ్చును. లఘూకృత ఉష్ణోగ్రత సమానమైనప్పుడు అన్ని ద్రవాల లఘూకృత బాష్పపీడనమూ సమానం కావలెనని దీని అర్థం. దీనినే అనురూప స్థితుల నియమం అంటారు. 1908లో కామర్లింగ్ ఆన్నెస్ హీలియంను ద్రవంగా మార్చడానికి పూనుకొన్నప్పుడు అతనికి దారి చూపిన వాటిలో ఈ నియమం ఒకటి.

నియమం అందమైనది. ప్రకృతి దానిని పూర్తిగా ఒప్పుకొనలేదు.

లఘూకృత ఉష్ణోగ్రత 0.7 ఉన్న చోట పరీక్షించి చూద్దాం. వాన్ డర్ వాల్స్ సమీకరణం ప్రకారం అక్కడ లఘూకృత బాష్పపీడనం 0.2 రావలె. అంటే నూటికి ఇరవై మార్కులు. ప్రయోగంలో ఆర్గాన్ వాయువుకు వచ్చినది నూటికి పది. ప్రొపేన్‌కు ఏడు, పాత ఏ.సి.లలో వాడిన ఆర్-22కు ఆరు, ఆర్-32కు 5.3, పెద్ద చిల్లర్లలో వాడే ఆర్-134ఏకు 4.7, నీటికి 4.5. సంఖ్యలు దగ్గర దగ్గరగానే ఉన్నవి, కాని ఒకటి కావు. నీటికి 221 బార్లు, ఆర్గాన్‌కు 49 బార్లు హద్దుగా ఉన్నవాటిని తెచ్చి పదికి, నాలుగున్నరకు మధ్య కూర్చోబెట్టడం కూడ చిన్న పని కాదు.

మిగిలిన తేడా ఎందుకు? ఆర్గాన్ అణువు గోలీవంటిది. ఏ వైపునుంచి చూచినా ఒక్కటే. ప్రొపేన్ అణువు పొడుగైనది. ఆర్-32, నీరు వంటివాటి అణువులలో ఒక కొస ధనావేశం, మరొక కొస ఋణావేశం వైపు మొగ్గి ఉంటాయి. ఇటువంటి అణువులు ఒకదాని నొకటి పట్టుకొనే తీరు గోలీల తీరు కాదు. వాటి బాష్పపీడనం ఉష్ణోగ్రతతోపాటు మరింత నిటారుగా పెరుగుతుంది. 1955లో అమెరికా శాస్త్రజ్ఞుడు కెనెత్ పిట్జర్ ఈ తేడాకు ఒక సంఖ్యను కేటాయించినాడు. దాని పేరు ఎసెంట్రిక్ ఫాక్టర్; అణువుల బలాలు ఒకే కేంద్రంనుంచి రాకపోవడాన్ని కొలిచేది కనుక ‘అకేంద్రతా గుణకం’ అనుకొందాం. దానిని రాబట్టే పద్ధతి చాల సులభం. లఘూకృత ఉష్ణోగ్రత 0.7 వద్ద లఘూకృత బాష్పపీడనపు సంవర్గమానం (పది ఆధారంగా) తీసికొని, గుర్తు మార్చి, ఒకటి తీసివేయవలె. ఆర్గాన్‌కు 0.1 కనుక సంవర్గమానం –1. గుర్తు మార్చితే 1. ఒకటి తీసివేస్తే సున్న. గోలీకి సున్న రావడం న్యాయమే! ప్రొపేన్‌కు 0.152, ఆర్-22కు 0.221, ఆర్-32కు 0.277, ఆర్-134ఏకు 0.327, నీటికి 0.344.

ఇక లెక్కకు కావలసిన సామగ్రి సమకూడినది. ద్రవంనుంచి అణువు విడిపోవడానికి కొంత శక్తి కావాలి. దానివల్ల బాష్పపీడనపు సంవర్గమానాన్ని పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. క్లాపేరన్, క్లాసియస్‌ల కాలంనుంచి తెలిసిన సంగతి ఇది. సరళరేఖ గీయడానికి రెండు బిందువులు చాలు. ఒకటి సందిగ్ధ బిందువు. అక్కడ లఘూకృత ఉష్ణోగ్రతా, పీడనమూ రెండూ ఒకటే. రెండవది 0.7 వద్ద పిట్జర్ బిందువు. ఈ రెంటిని కలిపే రేఖ ఇది:

లాగ్ పీ = – 7/3 × (1 + ఒ) × (1/ఉ – 1)

పీ అంటే లఘూకృత బాష్పపీడనం, ఉ అంటే లఘూకృత ఉష్ణోగ్రత, ఒ అంటే అకేంద్రతా గుణకం. 7/3 ఎక్కడిదని అడుగుతారేమో. 1/0.7లోనుంచి ఒకటి తీసివేస్తే 3/7 వస్తుంది. దానిని తలక్రిందులు చేసినదే 7/3. అంతకుమించి రహస్యమేమీ లేదు.

మన మిద్దెమీది యంత్రంలో ఆర్-32 ఉన్నది. కండెన్సర్ ఉష్ణోగ్రత 55 డిగ్రీలు, అంటే 328.15 కెల్విన్. సందిగ్ధ ఉష్ణోగ్రత 351.26 కెల్విన్. ఇక్కడ సెంటీగ్రేడు అంకెలు వేస్తే లెక్క చెడుతుంది. మా తరగతిలో సగంమంది చేసే తప్పు ఇదే. 351.26ను 328.15తో భాగిస్తే 1.0704, ఒకటి తీసివేస్తే 0.0704. ఏడింట మూడు అనకండి, మూడింట ఏడు, దానిని 1.277తో గుణిస్తే 2.980. రెండింటి లబ్ధం 0.210. సంవర్గమానం –0.210 అయ్యే సంఖ్య 0.617. ఇది లఘూకృత పీడనం: అంటే యంత్రం తన హద్దులో నూటికి 62 వంతుల వద్ద నడుస్తున్నది. దానిని 57.8 బార్లతో గుణిస్తే 35.7 బార్లు. ప్రయోగాలనుంచి తయారైన పట్టికలో ఉన్నది సుమారు 35.2. మూడు సంఖ్యలతో, నాలుగు పంక్తులలో వచ్చిన జవాబుకు తప్పు నూటికి ఒకటిన్నర కూడ లేదు.

మెకానిక్కు గేజి చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని సున్నగా ఎంచుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకు పైన ఉన్నందున ఇక్కడి గాలి ఒత్తిడి 0.95 బారు. (మన ఊళ్ళో నీరు వంద డిగ్రీలకు ముందే, 98 డిగ్రీలు దాటగానే మరగడానికి ఇదే కారణం.) దానిని తీసివేస్తే 34.7 బార్లు, బారుకు చదరపు అంగుళానికి 14.5 పౌన్ల చొప్పున 503 పౌన్లు. మేస్త్రిగారి ఐదువందలు ఇదే!

అయితే గేజి ఆరువందలు దాటడమేమిటి? ఇప్పుడు లెక్కను వెనుకకు నడిపిద్దాం. ఇటువంటి యంత్రాలలో పీడనం సుమారు 42 బార్లు దాటితే కంప్రెసర్‌ను ఆపివేసే స్విచ్చి ఉంటుంది. గాలి ఒత్తిడి కలిపితే 42.95. 57.8తో భాగిస్తే 0.743, దాని సంవర్గమానం –0.129. దీనిని 2.980తో భాగించి ఒకటి కలిపితే 1.0433. 351.26ను దానితో భాగిస్తే 336.7 కెల్విన్, అంటే 63.5 డిగ్రీలు. కండెన్సర్ 63.5 డిగ్రీలకు చేరినప్పుడు యంత్రం ఆగుతున్నదన్నమాట. బయట 43 ఉన్నప్పుడు అది 55 దగ్గర ఆగవలసినది. అదనంగా వచ్చిన ఈ ఎనిమిదిన్నర డిగ్రీలు ఎక్కడివి?

“రేపు ఒక థర్మామీటరు తీసికొనిపోయి, యంత్రం లోపలికి పీల్చుకొనే గాలిని కొలువు. నీడలోని గాలిని కాదు” అని చెప్పి పంపినాను.

మరునాటి సాయంకాలం వచ్చి చెప్పినాడు: యాభై డిగ్రీలు. భవనం వెనుక ఇరుకైన సందులో ఒకదానిపై ఒకటిగా ఆరు యంత్రాలున్నవట. క్రింది యంత్రం విడిచిన వేడిగాలిని పై యంత్రం పీల్చుకొంటున్నది. పైగా రేకుల మధ్య దుమ్ము పేరుకొన్నందున పన్నెండు డిగ్రీల తేడా చాలక పదిహేను అయినది. యాభై, పదిహేను కలిపితే 65. మన సూత్రం ప్రకారం 65 వద్ద పీడనం 44.3 బార్లు. స్విచ్చి ఆపకుండా ఎట్లుంటుంది? రోగం గ్యాసులో లేదు, సందులో ఉన్నది. రేకులు కడిగించి, పై రెండు యంత్రాలను మిద్దెమీదికి మార్పించి, తీసిన గ్యాసు తిరిగి తూచి నింపిన తర్వాత ఆ వేసవికి మళ్ళీ ఫిర్యాదు రాలేదు.

గ్యాసులో నిజంగానే దోషమున్నదా అని తెలిసికోవడానికి కూడ ఈ లెక్క పనికివస్తుంది. రాత్రంతా ఆగియున్న యంత్రం తెల్లవారుజామున అంతటా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది. 30 డిగ్రీలుంటే ఆర్-32కు 19.5 బార్లు, గేజిపై 18.5 రావలె. రెండు మూడు బార్లు ఎక్కువ చూపితే గొట్టాలలో గాలి చేరినదని అర్థం. గాలి అక్కడ ద్రవం కాదు. తన ఒత్తిడిని ఆవిరి ఒత్తిడిపై అదనంగా మోపుతుంది.

పెద్ద భవనాల సంగతి వేరు. వాటిలో చాలవరకు నీటితో చల్లబరచే చిల్లర్లు ఉంటాయి. మిద్దెమీది కూలింగ్ టవర్‌లో నీరు కొంత ఆవిరై మిగతా నీటిని చల్లబరుస్తుంది. మే నెలలో మన గాలి వేడిదే గాని పొడిది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 డిగ్రీల దరిదాపులలోనే నిలుస్తుంది. అందువల్ల ఆర్-134ఏ వాడే చిల్లర్ కండెన్సర్‌ను 40 డిగ్రీల వద్ద నడపవచ్చును. మన సూత్రంలో 374.2 కెల్విన్, 40.6 బార్లు, 0.327 వేస్తే 40 డిగ్రీలకు 10.1 బార్లు వస్తాయి. ఎండగాలితోనే చల్లబరచి 55కు పోనిస్తే 14.9. రెండవవైపు 5 డిగ్రీల వద్ద పీడనం 3.5 కనుక, కంప్రెసర్ మొదటి సందర్భంలో పీడనాన్ని మూడింతలకు లోపే, రెండవ సందర్భంలో నాలుగింతలకు పైగా పెంచవలసి ఉంటుంది. ఆ తేడా కరెంటు బిల్లులో కనిపిస్తుంది. అయితే టవర్‌లో ఆవిరైపోయే నీటికి వేసవిలో టాంకర్లే దిక్కయితే, ఆ బిల్లు వేరే వస్తుంది.

ఒక ప్రమాదం గురించి ఇక్కడే చెప్పవలె. ఓజోను పొరకు హాని చేస్తుందని 1987నాటి మాంట్రియల్ ఒప్పందం క్రింద ఆర్-22ను మనదేశం విడిచిపెడుతున్నది. అందువల్ల పాత యంత్రాలకు అది దొరకడం కష్టమవుతుంది. దొరకనప్పుడు, చేతిలో ఉన్న ఆర్-32ను వాటిలో నింపుదామనే ఆలోచన కొందరికి వస్తుంది. ఇదే సూత్రంతో ఆర్-22కు 55 డిగ్రీల వద్ద లెక్కకడితే 21.9 బార్లు. ఆర్-32కు వచ్చినది 35.7. ఇరవైరెండు బార్లకోసం చేసిన పాత గొట్టాలలో, అతుకులలో, అంతకంటె నూటికి అరవైవంతులు ఎక్కువ పీడనం! ఆర్-32కు కొంతవరకు అంటుకొనే గుణం కూడ ఉన్నది. అతుకు తెగినప్పుడు దగ్గర నిలబడి ఉండేది మెకానిక్కే.

ఈ సూత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చును? లఘూకృత ఉష్ణోగ్రత 0.7కు, 1కి మధ్య దీనిని చాలవరకు నమ్మవచ్చును, ఏ.సి. యంత్రాలు ఆ చుట్టుపక్కలనే పనిచేయడం మన అదృష్టం. క్రిందికి దిగినకొద్దీ రేఖ వంపు తిరుగుతుంది. నీటికి 100 డిగ్రీల వద్ద, అంటే లఘూకృత ఉష్ణోగ్రత 0.577 వద్ద లెక్కకడితే 1.10 బార్లు వస్తాయి. ఉండవలసినది 1.01. తప్పు నూటికి ఎనిమిది దాటినది. 1975లో లీ, కెస్లర్ అనేవారు ఈ వంపును కూడ లెక్కలోనికి తెచ్చే పెద్ద సూత్రాన్ని ఇచ్చినారు. దానితో ఆర్-32కు 55 డిగ్రీల వద్ద 35.4 వస్తుంది, మనకంటె కొంచెం మెరుగు. కాని అది ముఖ్యంగా హైడ్రోకార్బన్ల వంటివాటికోసం కూర్చినది. నీటి దగ్గర అదీ పొరపాటు పడుతుంది, పైగా మనకు ఎదురుదిక్కుగా! హైడ్రోజన్, హీలియం వంటి తేలిక వాయువులకు క్వాంటం ప్రభావాలు అడ్డువస్తాయి కనుక వాటిని ఈ పంక్తిలో కూర్చోబెట్టరాదు. రెండు మూడు వాయువులను కలిపి అమ్మే మిశ్రమాలకు కూడ జాగ్రత్త అవసరం. వాటిలో కొన్ని ఒకే ఉష్ణోగ్రతలో మరగవు.

2016నాటి కిగాలీ సవరణ ప్రకారం ఆర్-134ఏ, ఆర్-32 వంటి వాయువుల వాడకాన్ని కూడ దేశాలు దశలవారీగా తగ్గించవలసి ఉన్నది. మనదేశానికి ఆ తగ్గింపు 2032లో మొదలవుతుంది. కాబట్టి వచ్చే సంవత్సరాలలో మిద్దెలమీదికి కొత్త కొత్త సిలిండర్లు వస్తాయి. మా విద్యార్థి కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి, “సార్, ఇప్పుడు ఆర్-290 అని వస్తున్నది, అది ఎంత చూపిస్తది?” అన్నాడు. ఆర్-290 అంటే ప్రొపేనే; మన గ్యాసుబండలో బ్యూటేనుతో కలిసి ఉండేదే. నేను జవాబు చెప్పకుండా నల్లబల్లమీద మూడు సంఖ్యలు వ్రాసినాను: 369.8, 42.5, 0.152. అతడు జేబులోనుంచి ఫోను తీసి, అందులోని కాలిక్యులేటర్‌తో లెక్కకట్టి, 55 డిగ్రీలకు 19.4 బార్లు అన్నాడు. పట్టికలో 19.1 ఉన్నది.